ఓడకు ఒక రోజు ముందు

అమ్మ పాస్‌పోర్టు దాచింది నేనే నాన్నా. అమ్మ పోగొట్టలేదు. నేనే దాచాను.

హమ్మయ్య, అనేశాను. పదహారేళ్లు పట్టింది ఈ నాలుగు ముక్కలు నోట్లోంచి ఊడిపడటానికి. నీకు మాట పడిపోయాక గానీ నాకు మాట రాలేదు చూడు! ఎంత ధైర్యవంతురాలినో.

అలా చూడకు. ఆ గడియారం మీద వేలితో కొట్టడం కూడా ఆపు. నాలుగైంది, అంతే. ఓడ రేపు సాయంత్రం ఐదింటికి. రేపు! కిటికీలోంచి చూడు, రేవులో దాని చోటు ఖాళీగా ఉంది. ఓడే ఇంకా ఈ కీల్ ఊరికి రాలేదు, మనం మాత్రం వచ్చి కూర్చున్నాం.

కింద హోటలావిడ మన కాగితాలు చూసి, "మీ ఓడ రేపు గదమ్మా?" అని నవ్వింది. "మా నాన్నకి రేవు చూడటం ఇష్టమండీ" అన్నాను. ఏం చెప్పమంటావ్? మా ఇంట్లో దేనికైనా ఒక రోజు ముందే వెళ్తామని చెప్పనా? రోస్‌విత అత్త కూతురి పెళ్లికి ముందురోజే దిగబడితే, వాళ్లింట్లో పడకల్లేక మనం కార్లో పడుకున్నామని చెప్పనా? నీ కంటి ఆపరేషన్‌కి ముందురోజే పెట్టె పట్టుకుని ఆసుపత్రికి పోయావు. "రేపు రండి పెద్దాయనా" అని నర్సు తిప్పి పంపితే, ఇంటికి రాకుండా ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో అది మూసేదాకా కూర్చున్నావు. అది చెప్పనా?

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఈ పిచ్చి నీకు ఎవరివల్ల పట్టుకుందో తెలిసి కూడా నవ్వాను.

చేప రొట్టె తిను. ఉల్లిపాయలు తీసేశాను. ఎడమచేత్తో పట్టుకో... ఆ, అలా. వద్దా? సరే, పక్కన పెట్టు. వినడానికైతే చెయ్యి అక్కర్లేదుగా.

ఆ రోజు గుర్తుందా? గుర్తుందా అని అడుగుతున్నానేంటి, నిన్ను! నాయనమ్మ పుట్టినరోజులకి కాఫీ బల్ల దగ్గర కేకు ముక్క పూర్తయ్యేలోపు ఆ కథ ఎత్తకుండా ఉన్నావా ఎప్పుడైనా? "మా గెజీనె లేకపోతే నేను పీటర్స్‌బర్గ్ చూసేవాణ్ణి." అదీ అమ్మ గురించి నీ మొదటి వాక్యం. అక్కడ అందరూ నవ్వాలి. అమ్మ కూడా నవ్వేది పాపం, కాఫీ కూజా పట్టుకుని, అందరి కప్పులూ నింపుతూ.

బాల్టిక్ సముద్రంలో పది రోజులు. ఆరేళ్లు అనుకుని అనుకుని తీసుకున్న టికెట్లు. పాస్‌పోర్టులు మూడూ హాల్లో సొరుగులో, నీలం కవర్లో. పొద్దున ఆరున్నరకి మన కాసెల్‌లో రైలెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడ. అంతా లెక్కగా ఉంది. తీరా చూస్తే కవర్లో రెండే ఉన్నాయి.

అమ్మ వెతికిన తీరు నాకు ఇప్పటికీ కనబడుతుంది నాన్నా. ముందు సొరుగు. తర్వాత హ్యాండ్‌బ్యాగు, నేల మీద బోర్లించి. తర్వాత కట్టిన పెట్టెలన్నీ విప్పి. చివరికి ఫ్రిజ్‌లో కూడా చూసింది. ఫ్రిజ్‌లో! నేను మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాను. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం.

రైలు పోయింది. "నా దగ్గర గుర్తింపు కార్డుంది, ఎక్కనిస్తారేమో అడుగుదాం. పీటర్స్‌బర్గ్ రష్యాది, అక్కడ నేను దిగను, మీరిద్దరూ చూసి రండి" అంది అమ్మ. తర్వాతి రైలు హాంబుర్గ్ దాటాక పొలాల మధ్య గంటన్నర ఆగిపోయింది. మనం పెట్టెలు ఈడ్చుకుంటూ ఈ రేవుకొచ్చేసరికి ఓడ కదిలింది. నిండా వంద అడుగుల దూరం కూడా లేదు. పైనున్న వాళ్లెవరో మనకి చెయ్యి కూడా ఊపారు, మనం సాగనంపడానికి వచ్చామనుకుని.

నువ్వు అరవలేదు. అరిచినా బాగుండేది. "నీ వస్తువు నీ చోట ఉంచుకోవడం చేతకాదా గెజీనె?" అన్నావు, అంతే. మామూలుగా, పక్కింటావిడతో అన్నట్టు.

ఎందుకు దాచానా? నవ్వకు మరి. నా స్నేహితురాలు స్వెన్యా వాళ్లు ఆ వారం చెరువు దగ్గర గుడారం వేసుకుంటున్నారు. నాకు పదమూడేళ్లు. గుడారానికి నేను వెళ్లాలి. ఓడది ఏముంది, వచ్చే వారం ఇంకో ఓడ ఉంటుంది, బస్సులాగా, అనుకున్నాను. అంతే నాన్నా! ఇంకే పెద్ద కారణమూ లేదు. ఉంటే బాగుండేది.

వెళ్లాను కూడా, తెలుసా? మూడోనాడు, మీరిద్దరూ మాట్లాడుకోని ఇంట్లోంచి, గుడారానికి. బాగా ఈదాను. బాగా నవ్వాను.

తిరిగొచ్చాక తీసి సొరుగులో పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ నీ ముఖం చూడగానే వెనక్కి తిరిగేదాన్ని. రేపు, రేపు అనుకున్నాను. అది ఎక్కడుందో నాకు తెలుసు గదా, ఎవరికీ దొరకదు గదా. ఆగస్టులో నక్షత్రం పెట్టె ఎవరు తీస్తారు?

ఆ. నక్షత్రం పెట్టెలో. మన కాగితం నక్షత్రం, పసుపు రంగు మొనలది, క్రిస్మస్‌కి నాలుగు ఆదివారాల ముందు కిటికీలో వేలాడదీసేది. ఆ మడతల కింద దోపాను. పదమూడేళ్ల బుర్ర! డిసెంబరు అనేది అసలు రాదనుకుంది.

వచ్చింది. ఆ పెట్టె నీది. అమ్మని ముట్టుకోనిచ్చేవాడివి కాదు, మొనలు చించేస్తుందని. ఆ ఆదివారం నువ్వు ఒక్కడివే కుర్చీ వేసుకుని పెట్టె దించావు. నేను మెట్ల మీదే ఉన్నాను, అదే మెట్టు మీద. నీ వీపు కనబడుతోంది. మూత తీశావు. కాసేపు అలాగే నిలబడ్డావు. తర్వాత నక్షత్రం వేలాడదీసి, "మరైకె, దీపం స్విచ్చి వెయ్యి" అన్నావు.

వేశాను. నువ్వు నావైపు చూడలేదు. రాత్రి నువ్వు పడుకున్నాక పెట్టె వెతికాను. లేదు!

ఇంక రేపు అడుగుతాడు అనుకున్నాను. పుట్టినరోజుకి అడుగుతాడు, ఈస్టర్‌కి అడుగుతాడు. నువ్వు అడగలేదు. అడక్కపోగా మార్చిలో నాయనమ్మ బల్ల దగ్గర మళ్లీ అదే కథ! "మా గెజీనె లేకపోతే..." ఆ రోజు నేను కేకు పక్కన పెట్టేశాను. వీడికి తెలుసు, అనుకున్నాను. వీడు అనే అనుకున్నాను, ఏమనుకుంటావో అనుకో. దాచింది నేనని తెలిసి కూడా అమ్మ మీద తోస్తున్నాడు. ఎందుకంటే అమ్మ మీద వెయ్యడానికి వీడికి ఏదో ఒకటి కావాలి, అనుకున్నాను.

ముఖం అలా పాలిపోయిందేం? ఇదిగో మంచినీళ్లు. తాగు. నన్ను ఆపకు, ఇప్పుడు ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను.

మూడేళ్ల తర్వాత అమ్మ పర్సులో చీటీలు మొదలయ్యాయి. "పొయ్యి ఆపాను." "తాళం వేశాను." రొట్టెల కొట్టుకి వెళ్లడానికి కూడా బ్యాగు మూడుసార్లు తెరిచి చూసుకునేది. నువ్వేమో, "చూసుకో, చూసుకో, నీ సంగతి తెలిసిందేగా." నాకు పందొమ్మిది వచ్చిన ఏడు తను వెళ్లిపోయింది. ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఒంటి గది. తలుపు లోపల మీద ఇంకా చీటీలే.

ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటావా? చెప్తాను. పోయిన వారం అమ్మ ఫోను చేసింది. ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి వెళ్తోందట. వాళ్ల అమ్మకి వచ్చినట్టే తనకీ మతిమరుపు జబ్బు వస్తోందని. డాక్టరు ఒక కాగితం ఇచ్చాడట, మొదటి లక్షణం ఎప్పుడు కనబడిందో రాసుకురమ్మని.

ఏం రాసిందో తెలుసా నాన్నా?

"నలభై నాలుగో ఏట పాస్‌పోర్టు ఎక్కడో పెట్టి మర్చిపోయాను. ఈ రోజుకీ గుర్తు రాలేదు."

చదివి వినిపించింది నాకు. "సరిగ్గా రాశానా మరైకె? నీకైనా గుర్తుందా ఆ రోజు?" అంది. నేను ఏమన్నానో తెలుసా? "బాగానే రాశావమ్మా" అన్నాను.

ఎల్లుండి తొమ్మిదింటికి మనం నడిసముద్రంలో ఉంటాం. ఫోను అందదు.

అయినా ఈ పొద్దున దాకా నోరు మూసుకునే ఉందామనుకున్నాను. ఓడెక్కేస్తే అయిపోతుంది, చేతుల్లో లేదు, అనుకోవచ్చు. కానీ నీ తోలు సంచిలో మందుల చీటీ కోసం వెతుకుతుంటే లోపలి జిప్పులో చేతికి తగిలింది. ఇదిగో. చూడు. చూడు నాన్నా, కిటికీ వైపు కాదు.

గెజీనె. చిన్న జుట్టు, ఫొటోలో నవ్వకూడదని పెదాలు బిగించి. మధ్య పేజీలో పసుపు కాగితం ముక్క, నక్షత్రం మొన అంచుది. పదహారేళ్లూ నీ దగ్గరే! పారెయ్యలేదు, కాల్చలేదు, ఆవిడకి ఇవ్వలేదు. నేను దాచానని తెలుసు, ఆవిడ తప్పేం లేదని తెలుసు, తెలిసే...

ఏంటి? కుర్చీ మీద రెండుసార్లు తట్టావేం? కాదా? ఏం కాదు?

కుర్చీ విరగ్గొడతావా ఏంటి! ఉండు. మాటలు నేర్పే ఆవిడ చెప్పినట్టు, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతాను. అవునంటే ఒకటి, కాదంటే రెండు.

ఇది నక్షత్రం పెట్టెలో దొరికిందా నీకు? ...ఒకటి. అవును.

నేనే పెట్టానని తెలుసా?

...రెండు.

అబద్ధం ఆడకు నాన్నా. ఈ వయసులో, ఈ ఒంటితో. అయితే ఎవరు పెట్టారనుకున్నావ్? నక్షత్రానికి కాళ్లొచ్చి... ఏంటి, ఎక్కడ చూపిస్తున్నావ్? ఫొటోనా? ఫొటో ఏంటి?

అమ్మా?

అమ్మే దాచిందనుకున్నావా?

...ఒకటి.

తన పాస్‌పోర్టు తనే దాచుకుందనా? ఎందుకు దాచుకుంటుంది? నీతో... నీతో రావడం ఇష్టం లేకనా?

వద్దు, తట్టకు. తట్టొద్దు. తెలిసింది.

అయ్యో నాన్నా.

అందుకేనా ఆ కుర్చీ మీద అంతసేపు నిలబడిపోయావు? అందుకేనా అడగలేదు? అడిగితే ఆవిడ అవునంటుందేమోనని. అందరి దగ్గరా పోగొట్టింది, పోగొట్టింది అన్నావు గానీ, దాచింది అని ఒక్కరి దగ్గర కూడా అనలేదు. నీతో పది రోజులు ఓడలో ఉండలేక పెళ్లాం పాస్‌పోర్టు దాచుకుందని కాఫీ బల్ల దగ్గర ఎవరు చెప్పుకుంటారు? మతిమరుపు పెళ్లాం అయితే నవ్వుకోవచ్చు.

ఆవిడ పొయ్యి ఆపానా అని చీటీ రాసుకుంటుంటే, నువ్వేమో ఎంత బాగా నటిస్తోంది అనుకున్నావు. కదూ?

నేను మెట్ల మీద కూర్చుని, వీడెంత దుర్మార్గుడు అనుకున్నాను.

ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం! రోజూ ఒకే బల్ల దగ్గర రాత్రి రొట్టె తిన్నాం. నేను ఒక్కమాట, ఒకే ఒక్కమాట అనుంటే నువ్వు పీటర్స్‌బర్గ్ చూసేవాడివి కాదు గానీ... చెంపదెబ్బ ఒకటి తినుండేదాన్ని. ఓ వారం చెరువుకి పంపేవాడివి కాదు. అయిపోయేది. ఆ ఒక్క చెంపదెబ్బ తప్పించుకోవడానికి నేను మీ ఇద్దరినీ వాడేసుకున్నాను.

ఏడవకు. నాకు నీ ఏడుపు తుడవడం రాదు, మనింట్లో ఎవరికీ నేర్పలేదుగా. ఈ రుమాలు తీసుకో.

నిన్న రాత్రి పెట్టెలు సర్దుతూ తిట్టుకున్నాను, తెలుసా? ఒక రోజు ముందు! హోటలు దండగ, సెలవు దండగ, ఆ రోజంతా కూర్చుని ఏం చేస్తాం అని. ఇప్పుడు చూడు. ఇవాళ గనక ఇక్కడ లేకపోతే, రేపు హడావిడిగా ఓడెక్కి ఇది సంచిలోనే ఉండిపోయేది. ఆవిడ ఎల్లుండి వెళ్లి డాక్టరు ముందు ఆ కాగితం పెట్టేది.

నాలుగున్నర. ఈ టైముకి టీ పెట్టుకుంటుంది. చీటీ చూసి పొయ్యి వెలిగిస్తుంది, చీటీ చూసి ఆపుతుంది.

క్షమిస్తుందా అంటావా? నేనేం ఆశ పెట్టుకోలేదు. ముందు ఆవిడకి కోపం రానీ. గట్టిగా రానీ. తన మతి ఎప్పుడూ సరిగ్గానే ఉందని తెలిసిన మనిషికి వచ్చే కోపం. బాకీ ఉన్నాం మనం. నిజంగానే జబ్బు కూడా ఉందేమో, ఎవరికి తెలుసు. ఉంటే ఉండనీ. కానీ ఆ కాగితంలో మొదటి లైను మాత్రం కొట్టేయించాలి.

ఫోను నీ కుర్చీ చేతి మీద పెడుతున్నాను. మాట బయటికి వినబడేలా. ముందు నేను చెప్తాను, గుడారం సంగతితో సహా. తర్వాత ఆవిడ నిన్ను అడుగుతుంది. ఏమడుగుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు: పదహారేళ్లూ అది నీ దగ్గరే ఉందా అని. నువ్వు ఒక్కసారి తట్టు. ఒకటే. అంతకంటే నిన్నేం అడగను.

గడియారం చూడకు నాన్నా. ఈ ఒక్కదానికి మాత్రం మనం ముందు రాలేదు.

ఇదిగో, చేస్తున్నాను.