జాకెట్టు బూతట

సొంతంగా సోషల్ నెట్‌వర్క్ సర్వర్ నడుపుతున్న మరిది, వదిన కుట్టుమిషను పక్కన కూర్చున్నాడు.

"నా కుట్టుపని పోస్టులన్నీ దాచేశావేమయ్యా?"

"నేను కాదు వదినా, ఫిల్టరు. 'జాకెట్టు' బూతుల జాబితాలో ఉంది."

"మరి నా అడ్రసు పెట్టి, 'ఈవిడగారు పగలంతా ఒంటరే, వెళ్లి పలకరించండి' అని రాసినవాడో?"

"అందులో బూతు లేదుగా. పైగా 'గారు' అన్నాడు."

"ఎంత మర్యాదస్తుడో! పొద్దున్నే ఇద్దరు వచ్చి తలుపు కొట్టారు."

"మా దగ్గర ఎవరికి కావలసినట్టు వాళ్లు సర్దుకోవచ్చు వదినా. పదిహేడు మీటలున్నాయి. వాడు మీకు కనపడకుండా ఒకటి నొక్కండి."

"వాడు నాకు కనపడకపోతే, నా ఇల్లు వాళ్లకు కనపడదా?"

"దానికి మీట ఇంకా పెట్టలేదు."

"సరే, పెట్టేదాకా వాడి పోస్టు కింద నీ ఇంటి అడ్రసు రాస్తాను."

"అయ్యో, ఉండండి! ఆ పోస్టు ఇప్పుడే తీసేస్తున్నా."

"మీట లేకుండానే?"