బెల్మీరో తోడేసిన సముద్రం

"ఆదివారం బస్సు సముద్రానికి పోతోంది. ఈసారైనా ఎక్కుతావా, బెల్మీరో అన్నా?"

డ్రైవర్ ఓస్మార్ అడిగింది ఈ ఒక్క ముక్కే. అవునో కాదో చెప్పేస్తే కాఫీ చల్లారకముందే తేలిపోయేది. కానీ బెల్మీరో దగ్గర ఒక్క ముక్కలో జవాబు రాబట్టినవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ఆ సాయంత్రం నా కొట్టు అరుగు మీద ఉన్నది వాళ్ళిద్దరూ, కాఫీ పోస్తూ నేనూ, జున్ను రొట్టెల బుట్ట దించి కూర్చున్న జందీరా. జందీరాకి అక్కయిన ఇదలీనాయే బెల్మీరో భార్య. పోయిన వానల్లో చనిపోయింది. మా మీనాస్ రాష్ట్రంలో కొండలకు లోటు లేదు గానీ సముద్రం మాత్రం లేదు. పక్క రాష్ట్రానికి దిగాల్సిందే. ఏ ఆదివారం ఏ జలపాతానికి, ఏ చర్చికి, ఏ ఒడ్డుకి, పొద్దున వెళ్ళి రాత్రికి ఎలా తిరిగి రావాలి అన్నదంతా బెల్మీరోయే ప్లాను వేసేవాడు. ఇదలీనా పోయాక మానేశాడు. ఇప్పుడు ఆ ప్లానూ ఓస్మారే వేసుకుని బస్సు తీస్తున్నాడు. బెల్మీరో ఎక్కుతాడా లేదా అన్నది తేల్చుకుని వెళ్దామనే జందీరా కూర్చుంది.

"నన్నా అడుగుతున్నావు?" అన్నాడు బెల్మీరో, బెంచీ మీద కాళ్ళు పైకి లాక్కుని. "నేను చూడని సముద్రం ఇంకా ఉందట్రా? అసలు ఒక ఆదివారం ఏం జరిగిందో చెప్తాను విను. చిన్న ప్రయాణమే. జలపాతంలో నాలుగు మునకలేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేద్దామని నా ప్లాను. ఇదలీనా ఊరుకుంటుందా? 'మిగతా రోజంతా ఏం చేస్తాం బెల్మీరో, గోళ్ళు గిల్లుకుంటామా?' అంది. సరే, అయితే ముందు బందేరా శిఖరం మీద సూర్యోదయం చూసి, ఓరో ప్రెతో ఊళ్ళో బంగారు చర్చిలో ప్రార్థన విని, దారిలో జలపాతం చూసుకుని, భోజనాలకి సముద్రం దగ్గరుందాం అన్నాను."

"ఒక్క రోజులోనా?" అన్నాను నేను. ఆ శిఖరానికీ ఆ చర్చికీ మధ్యే సగం రోజు పడుతుంది.

"మీరంతా గడియారం చూసి ప్లాను వేస్తారు, నేను ఆకలి చూసి వేస్తాను. జనానికి ఎక్కడ ఆకలేస్తుందో అక్కడ బస్సాపితే చాలు, దూరం దానంతటదే తగ్గుతుంది. మేం ఎంత ముందుగా బయల్దేరామంటే, శిఖరం ఎక్కేసరికి సూర్యుడింకా లేవలేదు. ఎంతసేపని చూస్తాం? హారన్ కొట్టాను. గబుక్కున లేచొచ్చాడు."

"నా బస్సుకి హారన్ ఎప్పుడు పనిచేసింది?" అన్నాడు ఓస్మార్.

"ఆ రోజు నీకు జ్వరం. బస్సు నేనే తోలాను."

"నీకు లైసెన్సుందా?"

"ఆ రోజుంది. మధ్యలో తగలకు. ఇక బస్సు నిండా ఏముంది? ఇదలీనా వేయించిన కోళ్ళు, కర్రపెండలం పిండితో చేసిన ఫరోఫా, పుచ్చకాయలు. ఒడ్డున ఉండేవాళ్ళకి మనమంటే వెటకారం కదా, 'అదిగో ఫరోఫా మూకొచ్చింది, తిండి మూటలు చూడండి' అని. ఆ రోజూ అన్నారు. ఇదలీనా మూత తీసింది. అంతే, ఆ వెటకారం చేసినవాళ్ళే పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాసనకి చేపలు కూడా ఒడ్డుకొచ్చి తలలెత్తి చూస్తున్నాయి. ఒక పెద్ద చేపకి రెక్క ముక్క వేశాను. అది తిని, కాలు ముక్క లేదా అన్నట్టు మొహం పెట్టింది."

జందీరా నవ్వింది. అక్క వంట మాటొస్తే ఎన్ని కోతలైనా భరిస్తుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీసాలు తీశారు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, రాలేకపోయినవాళ్ళ కోసం సముద్రాన్ని సీసాలో పట్టుకెళ్ళకపోతే బస్సెక్కరు. అత్తకి మోకాళ్ళ నొప్పికొకటి, పక్కింటి ముసలాయన ఊరికే చూసుకోడానికొకటి. ఆ రోజు సీసాలు చాల్లేదు. పాల క్యాన్లు నింపారు, కుక్కర్లు నింపారు, ఒకావిడ బూట్లు నింపుకుంది. తలెత్తి చూద్దును కదా, సముద్రం లేదు. కనుచూపుమేర ఇసకే. ఓడలన్నీ బురదలో గేదెల్లా కూలబడున్నాయి. ఆ ఊరి మేయరు నిక్కరు మీదే పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. 'బెల్మీరోగారూ, మీరు పెద్దలు, మనిషికో గ్లాసుడైనా వెనక్కి పోయించండి, మా బతుకులు నిలబడతాయి' అని ఏడ్చాడు."

"పోశారా మరి?" అన్నాను.

"నా మాట కాదంటారా? పోశారు. ఇప్పుడున్న సముద్రం మేం వెనక్కి పోసిందే. మిగిలినదాంతో కొండెక్కాలి కదా, ఇంజను మూలుగుతోంది. ఇంతలో చంద్రుడొచ్చాడు. పోటు లేవాలా వద్దా? సీసాల్లో నీళ్ళన్నీ ఒక్కసారి పైకి లేచి, వాటితో బాటు బస్సునీ లేపాయి. నేల తగలకుండా వచ్చాం. రోడ్డు కింద ఎక్కడో తాడులా కనిపిస్తోంది. అందరూ కేకలు. ఇదలీనా ఒక్కతే భయపడలేదు. కిటికీ పక్కన కూర్చుంది, నేను దాని పక్కన..."

"బస్సు తోలుతున్నావన్నావు," అన్నాడు ఓస్మార్.

"గాల్లో తోలేదేముంది? లేచొచ్చి కూర్చున్నాను. నా భుజం మీద తల పెట్టింది. 'కింద సముద్రం ఎంత నీలంగా ఉందో చూశావా బెల్మీరో' అంది. నిజంగా నీలమే. అలాంటి నీలం నా జన్మలో చూళ్ళేదు."

ఎవరం నవ్వలేదు. ఓస్మార్ తల దించుకుని రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు. మా బస్సు వెళ్ళే ఒడ్డు పక్కనే ఏరు కలుస్తుంది. మట్టంతా అక్కడికే కొట్టుకొస్తుంది. అక్కడి సముద్రం పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటుంది, ఒక్కసారి వెళ్ళొచ్చిన పిల్లాడైనా చెప్తాడు.

"బావా," అంది జందీరా నెమ్మదిగా, "ఆ సముద్రం నీలం కాదు."

"నాకు చెప్తున్నావా? ఇంట్లో మేరీ మాత బొమ్మ పక్కన సీసాలున్నాయి, వెళ్ళి చూడు. ఎంత తేటగా ఉన్నాయో."

"అక్క వడపోసేది. బస్సు దిగి ముందు మా ఇంటికొచ్చేది. కాఫీ గుడ్డలో పోసి, మట్టి దిగేదాకా కూర్చుని, మళ్ళీ పోసేది. అలిసిపోయొచ్చి ఇదేం పనే అని తిట్టేదాన్ని. 'ఆయన నీలమనుకుంటున్నాడే, ఒకసారి ఎలాగూ వస్తాడుగా, అప్పుడు తనే చూసి నన్ను వెక్కిరిస్తాడు' అనేది. నువ్వు రాలేదు. మాటలు కోటలు దాటాయి గానీ, బావా, నీ కాళ్ళు గడప దాటలేదు. ప్రతిసారీ బస్సు కదలబోతుంటే ఎవరో ఒకరు సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నువ్వు పెద్దమనిషిలా నీ సీటు ఇచ్చేసి, వచ్చే ఆదివారం చూద్దాంలే ఇదలీనా అని చెయ్యూపేవాడివి."

బెల్మీరో నోరు తెరిచాడు. ఇప్పుడు ఇంకో కోత వస్తుందనుకున్నాను, రావాలనీ కోరుకున్నాను. రాలేదు. ఆ మనిషిని అలా చూడటం నా వల్ల కాలేదు, లోపలికెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

నేను తిరిగొచ్చేసరికి ఓస్మార్‌ని అడుగుతున్నాడు. "దాని పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు?"

"నువ్వు సీటిచ్చినవాళ్ళే అన్నా. ఒక్కోసారి ఒక్కొక్కరు. వాళ్ళ పేరడిగేది, కోడి ముక్క పెట్టేది. ఒకసారి ఎవడో తాగుబోతు దారంతా వదిన భుజం మీద పడి నిద్రపోయాడు. లేపనా అంటే, వద్దులే పోనీ అంది."

"నాకు చెప్పలేదే."

"అక్క ఏం చెప్పేది బావా," అంది జందీరా. కోపం లేదు గొంతులో. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

"ఆదివారం ఆ సీటుందా?" అన్నాడు బెల్మీరో.

"ఉంది. నీ పేరు మీదే ఉంచుతాను," అన్నాడు ఓస్మార్.

బెల్మీరో లేచి టోపీ పెట్టుకున్నాడు. అరుగు దిగి నాలుగడుగులు వేసినవాడు ఆగి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"చూడు ఓస్మార్. బస్సు కదిలే వేళకి ఎవరో ఒకరు సంచి పట్టుకుని పరిగెత్తుకొస్తారు. పాపం నా సీటు వాళ్ళకిచ్చేయమని నేనే అంటాను. నా మాట వినకు."