బిజిలికి పోసిన కాశీ నీళ్లు

"అమ్మమ్మా, పోలీస్ యాక్షనప్పుడు మీ ఇంట్ల కుంటి కుక్క ఉండెనంట గద? దాని ముచ్చట చెప్పవా?"

చెప్త గని బిడ్డా, ముందుది ఎనక, ఎనకది ముందు పడ్తది, ఇప్పుడే చెప్తున్న. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి, పాలాయన ఇంకా రాలేదేందని గల్మ కాడ నిలబడ్డ మనిషిని నేను. నీ ఫోన్ల ఎక్కించుకో, నేను మరిస్తే అదన్న చెప్తది.

అప్పుడు మేము చిలకలగూడల ఉంటుంటిమి. నాకు పదేండ్లు... కాదు, పదకొండు. మా తమ్మునికి పాలపండ్లు ఊడుతున్న ఏడు. అంతకు ముందే మా నాయన ఒకనాడు స్టేషన్ కాడ జట్కా చక్రం కింద పడ్డ కుక్కపిల్లని రుమాలల చుట్టుకొని తెచ్చిండు. ఎనక కాళ్లు రెండూ పోయినయ్. జట్కా అంటే గుర్రం బండి, మీకు తెల్వదు. స్టేషన్ నుంచి బోయిగూడకు అణాకో, రెండణాలకో... సరే, అది ఇడిచిపెట్టు. ఈడ్చుకుంట నడిచే కుక్కకు నాయన బిజిలి అని, అంటే మెరుపని, పేరు పెట్టిండు! నేను దాని నడుముకు మా అమ్మ పాత చీర పేలిక కట్టి, ఎనక దిక్కు లేపి పట్టుకొని వాడంత తిప్పేదాన్ని. "కుక్కని పిల్ల తిప్పుతున్నదా, పిల్లని కుక్క తిప్పుతున్నదా?" అని అందరు నవ్వేటోళ్లు.

మా నాయనమ్మకు మడి. బిజిలి గల్మ దాటితే కట్టె తీసి కొట్టేది. నేలను కొట్టేదిలే, కుక్కను కాదు. ఆమెకు ఒక కాశీ చెంబు ఉండె, గంగ నీళ్లు పోసి మూతి అతికేసిన చిన్న రాగి చెంబు. ఆఖరి గడియల తన నోట్ల పొయ్యాలని దేవుని గూట్ల దాచుకున్నది. "నా చావు నీళ్లు, ముట్టకుండ్రి" అనేది.

ఇగ పోలీస్ యాక్షన్ షురూ అయింది. మిలట్రీ వస్తున్నదని అందరం తలుపులేసుకొని ఇంట్లనే. అప్పుడే బిజిలి తిండి మానేసి కండ్లు తేలేసింది. మా తాత పోయినప్పుడు నోట్ల నీళ్లు పోసుడు చూసిన గద, నాకన్నీ తెల్సనుకున్న. నాయనమ్మ కునుకు తీస్తుంటే చెంబు దించి, మేకుతోటి మూతి ఊడదీసి, బిజిలి నోట్ల చెంచాడు పోసిన. "పోయి రా తల్లీ" అని ఏడ్సిన. అది నాలుక చాపి జుర్రుకొని, ఇంకో చెంచా ఏదని నా మొఖం చూసింది! మర్నాడు మళ్ల కండ్లు తేలేసింది. మళ్ల పోసిన, మళ్ల ఏడ్సిన. మూడోనాడు సుత గంతే. మా తమ్ముడు, "అక్కా, ఇయ్యాల ఎన్ని గంటలకు ఏడుస్తవ్?" అన్నడు.

ఆనాడే నాయనమ్మ చెంబు చూసింది. "నా చావు నీళ్లు కుక్కకు పోస్తవానే? ఇగ నేనెట్ల చావాలె?"

"చావకు నాయనమ్మా" అన్న. నాకు నిజంగ అదే తోచింది. నెత్తి మీద ఒక్కటిచ్చింది.

రెండు దినాలకు, రెండో మూడో, సర్కారు లొంగిపోయిందన్నరు. తెల్లారి మిలట్రీ బండ్లు వస్తున్నయంటే వాడంత ఉరికింది. బిజిలి నా లంగా అంచు పండ్లతోటి పట్టుకున్నది. "ఆగవే, ఇప్పుడే వస్త" అని ఇడిపించుకొని ఉరికిన. మూడుసార్లు సాగనంపిన గద, ఇగ తొందరేముందనుకున్న. ట్యాంకులు చూసిన, చేతులూపిన, ఎవరో పుట్నాలు పంచితే రెండుసార్లు పట్టిన.

వచ్చేసరికి నాయనమ్మ నట్టింట్ల కూసున్నది. మడి చీర కట్టుకొనే ఉన్నది. ఒళ్లె బిజిలి తల.

"అడుగున జెర మిగిలినయ్, పోసిన" అన్నది. "గల్మ దిక్కే చూసిందే పాపం."

నాకు ఒక్క చుక్క ఏడుపు రాలే. అంతా ముందే ఏడ్సి పెట్టుకున్న గద, తెలివిగల్లదాన్ని.

నాయనమ్మ మళ్ల కాశీ పోలే. శానా ఏండ్లకు, ఆమె పోయేనాడు, నల్లా నీళ్లే పోసినం. నేనే పోసిన. ఆ దినం ఆకిలి సుత దాటలేదు బిడ్డా, ఎవరు పిలిచినా.

ఇగ ఇది రాస్తే, పేర్లు ఒకసారి మల్కాజ్‌గిరి తాతని అడుగు, మా తమ్ముణ్ణి. కుక్క పేరు బరాబరే. నాయనమ్మ పేరే... రాజమ్మనా, రాధమ్మనా... ఇంట్ల ఎవ్వరూ పేరు పెట్టి పిలవకపోతుండిరి. చూడు నా బుద్ధి. నాయనమ్మ పేరు జెర అడిగి రాయి.