మునిచంద్ర గొంతు దేశాలు తిరిగిన వైనం

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద దేవకమ్మ టీ అంగడి ముందరే శ్రీ సిటీకి పోయే కంపెనీ బస్సు ఆగుతుంది. ఆ మధ్యాహ్నం మునిచంద్ర కూర్చోడు, నిలబడడు, చేతిలో టీ చల్లారుతున్నా తాగడు. నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటాడు. జేబులో రాజీనామా కాగితం. ఎదురుగా అతనితో పనిచేసే చక్రధర్, ధరణి, బెంచీ మీద పెద్దాయన సుందరరాజు, పొయ్యి దగ్గర దేవకమ్మ.

“నేనీ పొద్దు బస్సెక్కనబ్బా. రెండుగంటలకి చెన్నై నుంచి ఫోనొస్తాది. ఎందుకనుకున్నారు? మొన్న ఒక భజన పాట, తాళం లేదు తప్పెట లేదు, వొట్టి గొంతుతో ఫోన్లో పాడినా. ఇంట్లో టీవీ గోల పడలేక ఈ అంగడి వెనకాలే కూర్చుని పాడినా. మన ధరణి దాన్ని ఇంటర్నెట్లో పెట్టింది, ఎవురైనా తీసుకోండి, మీ వాయిద్యాలు కలుపుకోండి అని. దానికని ఒక చోటుండాదిలే, పాడేవాళ్లు గొంతిస్తారు, వాయించేవాళ్లు తీసుకుంటారు. సాయంత్రానికి ముగ్గురు తీసుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?”

“నాలుగోవాడు తిరిగిచ్చేసినాడా?” అన్నాడు చక్రధర్.

“నవ్వు, నవ్వు. ముగ్గురు ముప్పైమంది, ముప్పైమంది మూడువేలమంది అయినారు. బ్రెజిల్లో ఒకడు డప్పులు కలిపినాడు. ఆ పాట ఒక పెండ్లిలో పెడితే పెండ్లికొడుకు తాళి కట్టేది మరిచిపొయ్యి చిందేసినాడు.”

“బ్రెజిల్లో తాళి యాడిదప్పా?” అన్నాడు సుందరరాజు.

“నా పాట విన్నాకే కట్టేది మొదలుపెట్టినారు పెద్దాయనా! జపాన్లో అయితే రైలు నడిపేవాడు మధ్య దోవలో బండి నిలిపి, దిగి, చెప్పులిడిచి విన్నాడు. ఇంకోచోట మంచుకొండ కరిగి, కింద నేల బయటపడితే, ఇప్పుడాడ మన తోతాపురి మామిడి మొక్కలు నాటుతా ఉండారు. అంతెందుకు, మన నెత్తిన తిరిగే ఉపగ్రహం నిన్న రేణిగుంట మీద నిలబడిపొయ్యి, ఇంకో చరణం పాడితేగానీ కదల్లేదు.”

“గొడుగన్నా పట్టినావా దానికి?” అన్నాడు చక్రధర్.

“అన్నా, బస్సు ఆ మలుపులో ఉండాది” అంది ధరణి. “ఆ కాగితం మాత్రం ఇయ్యబాక.”

మునిచంద్రకు కోపమొచ్చింది. “పదకొండేండ్లు ఆ బెల్టు ముందర నిలబడి డబ్బాలకి మూతలు బిగించినా. ఒక్కరికన్నా వినపడిందా నా గొంతు? ఇప్పుడు వినపడితే మీకెందుకు మంట? ‘ఈ గొంతు మాకు కావాల’ అని పాట తీసుకున్న చెన్నై ఆయన రాసింది నువ్వే గదా సదివింది?”

“సగమే సదివినా. అంతలోనే నువ్వు ఊరికంతా చెప్పను పరిగెత్తినావు. వాళ్లు చేసిన పాట కూడా వినలేదు. ఇప్పుడిను.”

ధరణి తన ఫోన్‌లో పాట పెట్టింది. డప్పు మొదలైంది. అందులో మునిచంద్ర గొంతు ఒక్క రాగం తీసిందో లేదో, దాన్ని తెగ్గొట్టి ఇంకో గొంతు ఖంగున లేచింది.

“ఏమయ్యో! పాలు పొంగుతా ఉండాయి, యాడ సచ్చినావు?”

డప్పు రెట్టింపైంది. “పొంగుతా ఉండాయి, పొంగుతా పొంగుతా ఉండాయి…” మునిచంద్ర గొంతు మళ్లీ రాలేదు.

“మొగుణ్ణి కసిరింది నేనే గదా?” అంది దేవకమ్మ నోరెళ్లబెట్టి. “నన్నడక్కుండానే నా గొంతు ఊరిమీదికి పంపినారా?”

“తీసుకున్నోళ్లు ముగ్గురే అన్నా” అంది ధరణి మెల్లగా. “ముగ్గురూ అక్క గొంతే ఉంచుకున్నారు.”

 బస్సు వచ్చి హారన్ కొట్టింది. అదే క్షణంలో మునిచంద్ర ఫోన్ మోగింది. చెన్నై నంబరు. ఎంత ఎదురుచూశాడో ఆ మోతకు!  స్పీకరు పెట్టి, ఫోన్ దేవకమ్మ ముందుకు చాచాడు.

“నీకేనక్కా.”

“ఎవురప్పా అది? పొయ్యి మీద పాలు పొంగుతా ఉండాయి, తర్వాత చెయ్యి!”

అవతల నలుగురైదుగురు ఒక్కసారిగా కేకలేశారు, చప్పట్లు కొట్టారు.

మునిచంద్ర ఫోన్ లాక్కుని జేబులో వేసుకుని, కాగితాన్ని ఇంకా లోపలికి నొక్కి బస్సెక్కాడు. చక్రధర్ పక్కన కూర్చుని రోడ్డువైపే చూస్తూ ఉన్నాడు. బస్సు రేణిగుంట దాటకముందే వెనక సీట్లో ఉన్న ధరణివైపు తిరిగాడు.

“ఆయమ్మకి పాట నేర్పించింది ఎవురనుకున్నారు?”