స్కోపీ అంటే చూడటమే

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు అల్లుడూ, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. ఈ ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు స్ట్రెచర్ తోశాను. చదివింది ఐదో తరగతి. అయినా కేస్ షీటు మీద ఎంత పొడుగు మాట రాసినా, దాని తోక చూసి అర్థం చెప్పేసేవాణ్ణి. చివర స్కోపీ అని ఉందనుకో, గొట్టం పెట్టి లోపల చూడటం. ఆటమీ అంటే కోసి తెరవడం, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. ప్లాస్టీ అయితే రిపేరు. తల ఏదైనా కానీ, తోక పట్టుకున్నామంటే మాట చేతికి చిక్కినట్టే. అందుకే నర్సులంతా నాకు తోకల మామ అని పేరు పెట్టారు.

"టీ చల్లారిపోతోంది అన్నా," అన్నాడు టీ కొట్టాయన.

ఉండనీవోయ్. ఒకరోజు ఒక తాపీమేస్త్రిని థియేటరుకి తీసుకెళ్తున్నా. మోకాలు కేసు. కాగితం మీద ఆర్థ్రోస్కోపీ అని ఉంది. తీరా తలుపు దగ్గర బోర్డు మీద చూస్తే, అతని పేరుకి ఎదురుగా ఆర్థ్రోప్లాస్టీ అని రాశారు. ఒకటి చూసి వదిలేసే మోకాలు, ఇంకోటి మార్చేసే మోకాలు. అక్కడికక్కడే బ్రేకు తొక్కేశా. పెద్ద డాక్టరు బయటికొచ్చి బోర్డు చూశాడు, కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"తెలుసని చెప్పినా వదలవుగా మామా," అన్నాడు పక్కనే కూర్చున్న అంబులెన్స్ డ్రైవరు.

ఆ రోజు నుంచి ఆయన నన్ను అడక్కుండా కత్తి పట్టలేదు. నేను ఆలస్యంగా వస్తే మత్తు డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసి కూర్చునేది. అంతెందుకు, ఒకసారి స్కానింగ్ మిషను పాడైతే వారం రోజులు నా స్ట్రెచర్ మీదే స్కానింగు నడిచింది. కుడి చక్రం కీచుమంటే గాల్‌బ్లాడర్‌లో రాయి, ఎడమది కీచుమంటే కిడ్నీలో రాయి. ఎన్ని కీచులో అన్ని రాళ్లు.

"చక్రాలకి కాస్త నూనె వేయకపోయావా మామా," అన్నాడు డ్రైవరు.

నూనె వేస్తే రాళ్లు ఎలా తెలుస్తాయిరా? ఇంక ఎమ్మారై గది సంగతి విను. అందులో ఉండేది పెద్ద అయస్కాంతం, ఇనప్పుల్ల కూడా లోపలికి పోకూడదు. ఆ రోజు ఎవరో తలుపు తెరిచి వదిలేశారు. నా స్ట్రెచర్ పరుగు లంకించుకుంది, దాని వెనక సెలైన్ స్టాండ్లు, వాటి వెనక లిఫ్టు తలుపు, అంతెందుకు, ఈ కొట్లో కెటిల్ కూడా గేటు దాటి వచ్చేసింది. ఒక్క మడమ నేలకి తన్నిపెట్టి అన్నిటినీ ఆపాను. పేషెంటు గురక కూడా ఆగలేదు.

"నా కెటిల్ అల్యూమినియం అన్నా. అయస్కాంతానికి అంటుకోదు," అన్నాడు టీ కొట్టాయన.

అన్నీ పోతున్నాయని అదీ బయల్దేరిందోయ్. అసలైంది ఇంకా చెప్పలేదు. ఒక టైలరమ్మ వచ్చింది, కాగితం మీద కోలిసిస్టెక్టమీ. అంటే గాల్‌బ్లాడర్ తీసేయడం. లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని వదలదు. ఏం చేశానో తెలుసా? ఎవరూ చూడకుండా ఆ తోకని గోటితో గీకేసి, పెన్నుతో స్కోపీ అని రాశా. అంతే. గొట్టం పెట్టి చూస్తే లోపల రాయీ లేదు, వాపూ లేదు. ఇంటికి నడుచుకుంటూ వెళ్లింది. తోక మారిస్తే రోగమే మారిపోతుంది అల్లుడూ. అలా ఎంతమందికి మార్చానో.

ఈసారి డ్రైవరు నవ్వలేదు. టీ కొట్టాయన నిండుగా ఉన్న గ్లాసు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రోజూ ఈపాటికి మూడు టీలు తాగే మనిషివి. ఇవాళ ఒక్క గుక్క ముట్టలేదు. పరగడుపున రమ్మన్నారు కదూ? జేబులో కాగితం కనిపిస్తూనే ఉంది. మరి నీ తోక నువ్వు గీకేసుకోలేకపోయావా అన్నా?"

బెంచీ చివర కూర్చున్న తోకల మామ భార్య అప్పుడు నోరు విప్పింది. "ఆస్పత్రివాళ్లు తేదీ ఇవ్వడం ఇది మూడోసారి. రెండుసార్లూ ఈయన ఇలాగే ఇక్కడ కూర్చుని కథలు చెప్పి, టైము దాటించి ఇంటికొచ్చేశారు."

నాది స్కోపీయేనోయ్. ఎండోస్కోపీ. చూడటమే.

"పక్కన ఇంకో మాట ఉంది," అంది ఆమె.

బయాప్సీ. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఆ మాటకి నా దగ్గర తోక లేదు. ముప్పై ఏళ్లు అందరికీ చెప్పాను, చూడటమే కదా, భయమెందుకని. చూస్తే ఏం కనబడుతుందోననేగా వాళ్ల భయం. నాకూ ఇప్పుడు భయంగానే ఉంది. ఆ టైలరమ్మ కాగితం నేనేం గీకలేదు. చెయ్యి విడిపించుకుని, నేను బయటే ఉంటాలే అమ్మా అన్నాను. ఉండలేదు. ఎవరి కోసమూ ఉండలేదు. తలుపు పడగానే ఇంకో స్ట్రెచర్‌కి పిలిచేవాళ్లు.

ఆమె లేచి, ఆయన జేబులోంచి కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"నేనుంటాను, పదండి. నాకు తోయడానికి ఇంకో స్ట్రెచర్ లేదు."

తోకల మామ లేచి గేటు వైపు నడిచాడు.