పదకొండు కిటికీల షెడ్డు

మంచమే బాబూ! మంచాన్ని మంచం కాక ఇంకేమంటారు? రాసుకో. షెడ్డులో మంచం ఉందని రాసుకో. మంచం మీద దుప్పటి, దుప్పటి మీద కుక్క. అదీ రాసుకో. దానికి నోటీసు విడిగా ఇస్తారా, నా దాంట్లోనే కలిపేస్తారా?

కూర్చో. అయ్యో, ఆ స్టూలు మీద కాదు, అంతా గ్రీజు. ఇలా పొయ్యి దగ్గరికి రా. డారెన్ కదూ? చొక్కా మీద కుట్టి ఉందిలే. మీ కౌన్సిల్ వాళ్ళకి చొక్కాల మీద పేర్లు కుట్టించే తీరిక ఉంది గానీ, జనవరిలో ఫిర్యాదు అందితే మనిషిని పంపడానికి ఆగస్టు కావాలి. నత్తని పంపినా ఈపాటికి రెండుసార్లు వచ్చి వెళ్ళేది.

ఆఁ? జనవరి అని నాకెలా తెలుసా? తెలుసులే. ముందు టీ తాగు.

షెడ్డులో మనుషులు కాపురం ఉండకూడదు, అది చట్టం. ఒప్పుకున్నాను. ఫిర్యాదు చేసినవాళ్ళు సంతకం పెట్టి వెనక్కి తీసుకుంటే తప్ప మీరు ఫైలు ముయ్యడానికి లేదు, అదీ చట్టం. ఇరవై ఎనిమిది రోజుల్లో నేను ఖాళీ చెయ్యాలి. ఫోన్లో విన్నాను, ఇప్పుడు మళ్ళీ విన్నాను. నాకు చెవుడు లేదు నాయనా. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో కూడా చట్టంలో రాశారా? రాయలేదు కదూ. లాన్సెస్టన్‌లో మా చెల్లెలు నోరీన్ ఒక గది ఇస్తానంది. తెల్ల కార్పెట్టు. కుక్క వద్దంది. నేనేమో గుమ్మంలోనే బూట్లు విప్పాలిట. ఆ గదిలో చావాలన్నా బూట్లు విప్పే చావాలేమో!

నువ్వు ఈ కొండల వాడివేనా? మరి నీకు తెలియదా? ఇక్కడ స్థలం కొన్నవాడు ఎవడైనా ముందు ఇల్లు కడతాడా? ముందు షెడ్డు లేపుతారు. అందులో ముడుచుకు పడుకుంటూ పక్కన ఇల్లు కట్టుకుంటారు. మా మామగారు అలాగే కట్టాడు, మా బావగారూ అంతే. రెండేళ్ళు షెడ్డు, ఆ తర్వాత ఇల్లు. మా ఆయన కెల్విన్ దగ్గరికొచ్చేసరికి షెడ్డుకి తొమ్మిదేళ్ళు నిండాయి. ఇల్లు కట్టి చూడు అంటారు కదా, మా ఆయన కట్టకుండానే చూపించాడు నాకు.

హోబర్ట్‌లో ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరు పని చేశాడు. రిటైరైన మర్నాడే నన్ను ఇక్కడికి తీసుకొచ్చి ఈ బండరాళ్ళ మధ్య నిలబెట్టాడు. "ఏమే గ్లెనిస్, ముందు తలుపు తీస్తే ట్రౌట్ చేప, వెనక తలుపు తీస్తే జింక. మనిషికి ఇంకేం కావాలే?" అన్నాడు.

"ఆ రెండు తలుపులకీ మధ్య ఒక ఇల్లు" అన్నాను.

పగలబడి నవ్వాడు. జోకు వేశాననుకున్నాడు పాపం.

మరి ఎప్పుడు కడతాడు, నువ్వే చెప్పు? ఆగస్టులో ట్రౌట్ సీజన్ తెరుస్తారు. ఆ శనివారం సరస్సులో ఉండకుండా సుత్తి పట్టుకున్నవాడు మనిషే కాదట. ఇంక అక్కణ్ణించి క్రిస్మస్ దాకా చేపలు బాగా పడతాయి, పడవ దిగడు. జనవరి ఇక్కడ నడి ఎండాకాలం, ఆ ఎండకి సిమెంటు పగులుతుందట. ఫిబ్రవరిలో తుపాకీకి నూనె రాసుకోవాలి. మార్చి, ఏప్రిల్ జింకలు. మే నెలంతా ఆ జింకల్ని కోసి ఫ్రీజర్‌లో సర్దాలి. జూన్ నుంచి చలికాలం, మంచు. మంచులో పునాది తవ్వేవాడికి పిచ్చి అంటారు. కరిగేసరికి మళ్ళీ ఆగస్టు! తొమ్మిదేళ్ళు వెతికాను బాబూ, ఇల్లు కట్టే నెల ఒక్కటీ కనపడలేదు.

షెడ్డుకి మాత్రం ఏ నెలైనా మంచి నెలే. చూడు, ఆ మూల. ఇనుము చెక్కే లేత్ మిషను. దానికి చలి చేస్తుందని, తుప్పు పడుతుందని, గోడలకి లోపలంతా దళసరి దూది పరుపులు కొట్టించాడు. నాకు చలేస్తోంది అంటే ఇంకో స్వెట్టర్ వేసుకోమన్నాడు. చివరికి ఏం చేశాను? మిషను పక్కన వెచ్చగా ఉందని నా మంచం అక్కడే వేసుకున్నాను. పెళ్ళయి నలభై నాలుగేళ్ళు, తొమ్మిదేళ్ళు సవతితో కాపురం.

పైకి చూడు. ఆ గొలుసు కనపడిందా? పడవ ఇంజను ఎత్తడానికి కట్టింది. ఆరేళ్ళ క్రితం నీకు ముందున్న ఆఫీసరు వచ్చినప్పుడు, మా ఆయన మంచం నాలుగు కోళ్ళకీ తాళ్ళు కట్టి, ఆ గొలుసుతో కప్పు దాకా లాగేశాడు. "అదేమిటయ్యా పైన?" అని అడిగితే, "చేపలు ఎండబెట్టే చట్రం" అన్నాడు నిబ్బరంగా. ఆ ఆఫీసరు తల ఊపి వెళ్ళిపోయాడు. నేను నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాను. ఇవాళ నేనూ లాగుదామనే చూశాను. జానెడు ఎత్తు లేచింది, కుక్క అరిచింది, వదిలేశాను.

ఇంక ఈ కిటికీలు. లెక్కపెట్టావా? పదకొండు. పట్నంలో చెత్త పారబోసే చోట జనం వద్దనుకున్న సామాను అమ్మే దుకాణం ఉంటుంది చూడు, అక్కణ్ణించి ఒక్కొక్కటీ మోసుకొచ్చాడు. ఇది నీ వంటింటికే, ఇది నీ పడగ్గదికే, అంటూ. గోడకి చేరేసి పెట్టాడు. పదకొండు కిటికీలు, అన్నింటిలోంచీ గోడే కనపడుతుంది! ఒకదానికి కర్టెన్ కూడా కుట్టి వేశాను, కోపంతో. అది చూసి ఏమన్నాడో తెలుసా? "బావుందే, రంగు కుదిరింది" అన్నాడు. దున్నపోతు మీద వాన అంటే అదే మరి.

ఇల్లు అసలు లేదంటే కూడా ఒప్పుకోను. ఉంది. తాడుతో ఉంది. వస్తూ చూశావుగా, మేకులూ తాళ్ళూ? ఏటా మంచు కరగ్గానే మేకులు దిగ్గొట్టి, తాడు లాగి, ఇల్లు గీసేవాడు. చిన్న కంగారూల్లాంటి ఆ వాలబీలు గెంతి తెంపేస్తే మళ్ళీ కట్టేవాడు. "రావే, నీ వంటింట్లో కూర్చుందాం" అనేవాడు. రెండు కుర్చీలు వేసుకుని, తాడు లోపల కూర్చుని టీ తాగేవాళ్ళం. తాడు దాటి రాబోతే ఒప్పుకునేవాడు కాదు. "గోడలోంచి వస్తావేమిటి, తలుపులోంచి రా" అనేవాడు. నేను కూడా ఎంత వెర్రిదాన్నో చూడు, చుట్టూ తిరిగి తలుపులోంచే వచ్చేదాన్ని.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వాను, ఎనిమిదేళ్ళు.

తొమ్మిదో ఏడు, అంటే మొన్న జనవరిలో, పొద్దున్నే లేచి చూస్తే తాడు జరిగి ఉంది. వంటింట్లోంచి ఒక మీటరు తగ్గించాడు. ఎందుకయ్యా అంటే పడవకి నీడ కావాలట! పక్కన పడవని పెట్టుకోవడానికి చోటు చాలలేదట. లేని వంటింట్లోంచి కూడా ఒక మీటరు పడవకి ఇచ్చేశాడు నాయనా. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

సరే. ఆ తర్వాత ఏం జరిగిందో నీ ఫైల్లోనే ఉంది. ఎవరో పుణ్యాత్ములు మీకు ఉత్తరం రాశారు. "ఫలానా వాళ్ళు షెడ్డులో కాపురం ఉంటున్నారు, ఇల్లు కట్టే ఉద్దేశం లేదు, చర్య తీసుకోండి" అని. మార్చిలో మీ నోటీసు వచ్చింది. జూన్ లోపల పునాది పడాలి, లేకపోతే ఖాళీ చెయ్యాలి అని. జింకల సీజన్ మొదలైన వారమే వచ్చింది. ఏం ముహూర్తం పెట్టారయ్యా!

మా ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. "రసెల్" అన్నాడు.

రసెల్ అంటే ఇటు నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే పడవ. ఈ షెడ్డులో మేం పడుకుంటామని ఈ కొండ మీద తెలిసిన మనిషి అతనొక్కడే. పైగా డిసెంబరులో ఎవరి గాలానికి పడిన చేప ఎవరిదని ఇద్దరూ చిన్నపిల్లల్లా కొట్టుకున్నారు. ఇంకేం, తేలిపోయింది! రసెల్ తన చేత్తో చేసి ఇచ్చిన గాలం కర్ర ఒకటి ఉండేది. అది తీసుకెళ్ళి అతని గుమ్మంలో పడేసి, నోటికొచ్చినవన్నీ అనేసి వచ్చాడు. అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదట. "చూశావా, తప్పు చేసినవాడికి నోరెలా వస్తుంది?" అన్నాడు నాతో.

నేను పొయ్యిలో కట్టె సర్దుతున్నాను అప్పుడు.

రసెల్‌కి మట్టి తవ్వే మిషను ఉంది. పునాది మొత్తం ఒక పూటలో తవ్వేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఎవరు అడిగినా కాదనని మనిషి. కానీ ఇప్పుడు అడిగేదెవరు? మా ఆయన గునపం తీసుకున్నాడు. డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో, కింద మొత్తం నల్లరాయి, ఒక్కడూ. జింకల సీజన్‌లో, బాబూ! తుపాకీ బీరువా తాళం తియ్యలేదు. వద్దు, ఎవరినైనా కూలికి పిలుద్దాం అంటే, "తొమ్మిదేళ్ళు నిన్ను తాడులో కూర్చోబెట్టానే" అన్నాడు.

ఏప్రిల్ ఇరవై మూడున టీకి పిలవడానికి వెళ్ళాను. గోతిలో కూర్చుని ఉన్నాడు, గోడకి ఆనుకుని. అలిసిపోయి కూర్చున్నాడనుకున్నాను. తలుపులోంచే వెళ్ళాను తెలుసా, అలవాటు కొద్దీ. చుట్టూ తిరిగి వెళ్ళాను.

పర్లేదు, నువ్వు టీ తాగు. చల్లారిపోతుంది.

తర్వాతెప్పుడో, చావుకొచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయాక, టేపు తీసుకెళ్ళి కొలిచాను. ఎందుకు కొలిచానో నాకే తెలీదు. వంటింటి గొయ్యి పాత కొలతకే ఉంది. ఆ మీటరు నాకు తిరిగి ఇచ్చేశాడు. పడవ చోటే తగ్గించుకున్నాడు. ఒక్క మాట చెప్పలేదు ముండాకొడుకు.

రసెల్ చావుకి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. జనం అతన్ని చూసి చెవులు కొరుక్కున్నారు. ఇప్పటికీ దుకాణంలో అతనితో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. ఫిర్యాదు చేసి మనిషిని చంపినవాడు కదా మరి! గేటు దగ్గర కట్టెలు చూశావా? ఈ నడుముతో నేను కొట్టాననుకున్నావా? ప్రతి గురువారం అతనే తెచ్చి దింపి, చక్కగా పేర్చి, తలుపు కూడా కొట్టకుండా వెళ్ళిపోతాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. అబద్ధం నాయనా. నేను తీసిన గోతిలో ఆయన పడ్డాడు.

అలా చూడకు. నేనే రాశాను. జనవరి పద్నాలుగున, తాడు జరిగిన రోజు సాయంత్రమే. చేతిరాత తెలిసిపోకుండా ఎడమ చేత్తో రాశాను. నీ ఫైల్లో ఉంటుంది చూడు, పిల్లి గీసినట్టు. కింద "ఒక పొరుగువాడు" అని కూడా పెట్టాను. పెద్ద తెలివిగలదాన్ని అనుకున్నాను. మీ నోటీసుకి భయపడి ఇల్లు కడతాడు, ఒక నెల విసుక్కుంటాడు, తర్వాత వంటింట్లో కూర్చోబెట్టి ఒకరోజు చెప్పేద్దాం, ఇద్దరం నవ్వుకుందాం అనుకున్నాను. రసెల్ పేరు ఎత్తిన పూటే చెప్పేసి ఉంటే సరిపోయేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఇల్లు కట్టడం ఆయన వాయిదా వేశాడు, నిజం చెప్పడం నేను వాయిదా వేశాను. సరిపోయిందిగా జోడీ.

ఇప్పుడు నాకు ఇల్లు వద్దు బాబూ. ఈ షెడ్డు చాలు. వారానికోసారి ఆ లేత్‌కి నేనే నూనె పెడుతున్నాను, సవతి అయినా తుప్పు పట్టనివ్వలేను కదా. ఫిర్యాదు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటే ఫైలు మూసేస్తానన్నావు. తియ్యి ఆ కాగితం. వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కడ సంతకం పెట్టాలి? ఇక్కడేనా? ఇదిగో. గ్లెనిస్ బార్విక్. ఈసారి కుడిచేత్తోనే.

ఇంకేమిటి? సాక్షి సంతకమా? నువ్వే పెట్టు. నీది చెల్లదా? మా నోరీన్‌ది? చుట్టరికం ఉంటే కూడా చెల్లదా? మరి ఈ కొండ మీద నాకు...

ఉండు. ఆ ట్రక్కు చప్పుడు విన్నావా? ఇవాళ గురువారం కదూ.

బాగుంది. చట్టం చేసినవాడెవడో గానీ నన్ను ఎరిగినవాడే చేశాడు.

సరే, వెళ్ళి కేకెయ్యి. గ్లెనిస్ లోపలికి రమ్మంది అంటే రాడు. సంతకం కావాలను, వస్తాడు. కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లోనే మర్చిపోతాడు, కాగితమంతా నేనే చదివి వినిపించాలి. ఫిర్యాదు చేసినవారి పేరుతో సహా.

వెళ్ళు, మళ్ళీ వెళ్ళిపోతాడు! నేను ఇంకో కప్పు కడుగుతాను. ఏం చేస్తాడులే? మహా అయితే ఆ కట్టెలన్నీ మళ్ళీ ట్రక్కులో వేసుకుపోతాడు. చలికాలం ఎలాగూ అయిపోవచ్చింది.