పలక మీద జవాబు

మార్కాపురం పలకల గని పక్కన గుడిసె. కూలీల సంఘం పెట్టిన మాలకొండయ్య పలకా బలపం పట్టుకొని కూర్చున్నాడు. భార్య కాశమ్మ జొన్నలు చెరుగుతోంది. పనిస్తానని కబురంపిన గని సావుకారుకు తెల్లారేలోగా జవాబు చెప్పాలి.

“మళ్లా తుడిచినావా?”

“తుడవక? ‘మహారాజరాజశ్రీ సావుకారు గారి సముఖమునకు’ అని రాసుండా. నా చెయ్యి పడిపోను! వాడు నాకు మహారాజా?”

“మరి ఎందుకు రాసినావు?”

“నాకొచ్చిన రాత అర్జీ ఒకటే గదే. అర్జీలో తిట్టు యాడ పెట్టాలో తెలీక చస్తుండా.”

“తిట్టెందుకు? పనిస్తానన్నోడికి మర్యాదగా రాయి. ఒద్దంటే ఒద్దని, అంతే.”

“మర్యాదగా రాస్తే మెత్తబడినాననుకుంటాడు. విను. ‘సావుకారూ! నన్ను కొనాలని చూసినావు. మాలకొండయ్య అమ్ముడుపోడు. మేస్త్రీ పని గాదుగదా, గని మొత్తం రాసిచ్చినా...’”

“మేస్త్రీ పనని పొద్దున కబురు తెచ్చిన గుమాస్తా చెప్పినాడా?”

“చెప్పేదేంది? సంఘం నాయకుణ్ణి పిలిచి ఇంకేం పనిస్తారు? గొడుగు, కిర్రుచెప్పులు, కుర్చీ...”

“కుర్చీ గూడానా!”

“నగబాక. ఒద్దనే గదా రాస్తుండేది.”

“ఒద్దనేవానివి, గుమాస్తా అట్ల పోంగానే చొక్కా ఎందుకు ఉతికి ఆరేసినావు?”

“అది... సభకు.”

“ఏ సభకు? పోయిన సంతలో నీ సభకొచ్చింది నేనూ, మా తమ్ముడు గంగయ్యా, రెండు మేకలు.”

“మేకలు చివరిదాకా ఉన్నాయి.”

“కట్టేసినారు కాబట్టి.”

“నువ్వు నా పరువు తీసేదానికే పుట్టినావే. ఉండు, అసలు ముక్క ఇప్పుడొస్తది. ‘నీ గనిలో మందు పేల్చేముందు కేకేసే మనిషి లేక, రాయి ఎగిరొచ్చి మా గంగయ్య కన్ను పోయింది. కేకేసే మనిషిని పెట్టమని మొత్తుకుంటుండా. పెట్టినావా? మనిషివా నువ్వు?’ ఎట్లుంది?”

“బాగుంది. అది తుడుచు.”

“బాగుంటే తుడిచేదేంది?”

“పొద్దున గుమాస్తా వెంకటసుబ్బయ్య వచ్చి నీతో ఏమన్నాడు?”

“‘మాలకొండయ్యా, సావుకారు నీకు పనిస్తానంటున్నాడు’ అన్నాడు.”

“ఆ తరువాత?”

“ఆ తరువాత నేనే మాట్లాడినా.”

“ఆయన నోరు తెరిచినప్పుడల్లా నువ్వే మాట్లాడినావు. పాపం, చెవులు మూసుకొని పోతాంటే వెనకాలే పోయి అడిగినా, ఏం పని నాయనా అని.”

“మేస్త్రీయే గదా?”

“పొయ్యి మీద ఎసరు...”

“ఎసరు సంగతి కాదే! మేస్త్రీయే గదా?”

“కేకేసే పని.”

“ఏందీ?”

“మందు పెట్టినాక దిబ్బెక్కి ‘మందూ! మందూ!’ అని అరిచే పని. గుంతలోని కూలోళ్లంతా తప్పుకునేదాకా అరవాల. గొడుగు లేదు. కుర్చీ అసలే లేదు.”

“అంటే... నన్ను కొనేదానికి గాదా?”

“నిన్నెవురు కొంటారయ్యా? గొంతు బాడిగ్గడిగినారు.”

“కుట్ర! సంఘం నాయకుణ్ణి దిబ్బ మీద కాకిని చేస్తారా? వానికి ఈ బుద్ధి ఎవురు చెప్పినారు?”

“కూలోళ్లే. ‘మాలకొండయ్య నోరు తెరిస్తే సంతే ఖాళీ అవుతాది, గుంత ఖాళీ కాదా’ అన్నారంట.”

“ఎవురా మాటన్నది? పేరు చెప్పు!”

“నేనే. కూలోళ్లతో అన్నా, వాళ్లు పోయి సావుకారుకు చెప్పినారు.”

“నువ్వా? కట్టుకున్నదే కాళ్లిరగ్గొడితే ఇంక సావుకారును అనేదేముంది! నేనడిగిన పని నాకే పడేసి నోరు మూయించాలని చూస్తుండాడే వాడు. రేపు కూలి పెంచమని ఎట్ల అడిగేది?”

“నోరు మూయించేదేంది? నోరు తెరవమనే గదా పని. ముందు మందూ అని అరువు. పేలినాక కూలీ అని అరువు. దిబ్బ మీదనే ఉంటావు గదా, ఊరంతటికీ వినపడతాది.”

“ఇంకెవురినన్నా పెట్టుకోమను.”

“కూలోళ్లలో పుల్లయ్యను నిలబెట్టి చూసినారు. వాని కేక వానికే వినపడలా.”

“నాకు తెలీకడుగుతా, నీకెందుకే ఇంత ఆత్రం? మీ తమ్ముని కన్ను నేను అరిస్తే తిరిగొస్తదా?”

“రాదు. వాడింక పనికి పోలేడు. వాని పిల్లలు తినాల గదా. వాని బదులు రేపట్నుంచి గుంతలో దిగేది నేను.”

“నువ్వా? నాతో ఒక్క మాటన్నా చెప్పకుండానా?”

“చెప్పనిచ్చినావా?”

“కాశీ...”

“బలపం కింద పెట్టినావేం? జవాబు రాయవా?”

“ఏమని రాయాల?”

“ఏం రాయబాక. పొద్దున్నే దిబ్బెక్కి ఒక కేకెయ్యి. నేను అడుగున రాళ్లకాడ నిలబడుంటా. నాకు వినపడితే ఒప్పుకున్నట్టే.”